అన్నం తిన్న అరగంటలోపు

కెనడాలోని విండ్సర్‌లో కార్ల విడిభాగాలు చేసే ఒక ప్లాంట్‌లో నా ఉద్యోగం తప్పులు వెతకడం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. చేతిలో చిన్న టార్చి, జేబులో భూతద్దం, ముఖంలో కొంచెం అనుమానం ఉంటే సరిపోతుంది. బ్రేకు భాగంలో వెంట్రుకవాసి పగులు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టి ఎర్ర చీటీ కడతాను. ఇంట్లో కూడా ఇదే పని చేస్తానని నా భార్య ఆరోపణ. ఇంట్లో చీటీలు కట్టను, అంతే తేడా.

అందువల్ల ఆ చలికాలం చివర్లో నా పెద్దపేగులో గడ్డ దొరికిందని స్పెషలిస్టు చెప్పినప్పుడు, ముందు నాకు ఆవిడ పనితనం మీద గౌరవం కలిగింది. అంత చిన్నదాన్ని, అంత వంపులో, కెమెరాతో పట్టుకోవడం మాటలు కాదు. భయం మాత్రం మర్యాదగా పార్కింగ్ లాట్ దాకా ఆగింది. అక్కడ నా కారు నాకు ఇరవై నిమిషాలు దొరకలేదు.

గడ్డ ఉన్న పేగు ముక్కని కోసి తీసేశారు. దాని చుట్టుపక్కల లింఫు గ్రంథుల్లో రెండింట్లో క్యాన్సర్ కణాలు కనిపించాయి. అంటే ఒకటో రెండో అక్కడి నుంచి కూడా జారుకుని ఒంట్లో ఎక్కడో దాక్కుని ఉండవచ్చు, ఏ స్కానింగ్‌కీ అందనంత చిన్నవి. వాటి కోసం ఆరు నెలలు మాత్రలు వేసుకోవాలన్నారు. రెండు వారాలు వేసుకుని ఒక వారం మానాలి. అది ఒక రౌండు. అలాంటివి ఎనిమిది. ఈ కోర్సు పూర్తయితే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా తగ్గుతుందని క్యాన్సర్ డాక్టరు చెప్పింది. ఆవిడ ఇంకా చాలా చెప్పింది. నేను 'పూర్తయితే' దగ్గరే ఆగిపోయాను. ఎనిమిదికి ఎనిమిది, చెప్పిన డోసులో చెప్పినట్టు మింగేస్తే బతుకుతాను, ఒక్క మాత్ర తగ్గినా ఆ మేరకు చస్తాను అని నా లెక్క కట్టేసుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే లెక్క తప్పని తేలేది.

మాత్రలు ఇచ్చేముందు క్లినిక్ ఫార్మసిస్టు నన్నూ నా భార్యనీ కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మలు గీసి మరీ వివరించాడు. ఆ మందు పేరు కేపెసిటబిన్. యాంటీమెటబోలైట్లు అనే జాతికి చెందింది. పేరు చూసి కంగారు పడక్కర్లేదు, ఆ జాతి మొత్తం బతికేది ఒకే మోసం మీద అన్నాడు. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏకి నకలు తీసుకోవాలి. దానికి నాలుగు రకాల ముడిసరుకు కావాలి. అందులో ఒక రకాన్ని తయారుచేసే ఎంజైమ్ ఉంటుంది. ఈ మాత్ర ఒంట్లోకి వెళ్ళి, మెట్టు మెట్టుగా మారి, చివరికి ఆ ఎంజైమ్‌కి రోజూ వచ్చే సరుకులాగే కనిపించే నకిలీ సరుకు అవుతుంది. తేడా అల్లా ఒక్కటే, హైడ్రోజన్ ఉండాల్సిన చోట ఫ్లోరిన్ ఉంటుంది. ఎంజైమ్ దాన్ని నమ్మి పట్టుకుంటుంది. ఇక వదల్లేదు. అక్కడితో పని ఆగిపోతుంది, నకలు పూర్తి కాదు, కణం చస్తుంది.

"అంటే నకిలీ బోల్టు," అన్నాను. "కొలతలన్నీ సరిపోతాయి. బిగించాక తిరగదు, ఊడదు. మిషను మొత్తం ఆగిపోతుంది."

"సరిగ్గా అంతే," అన్నాడతను, నా లాంటి పేషెంటు దొరికినందుకు సంతోషిస్తూ.

"మా దగ్గరికి అలాంటి బోల్టు వస్తే పంపినవాణ్ణి కాంట్రాక్టు నుంచి తీసేస్తాం."

"మేం రోజుకి రెండుసార్లు మింగిస్తాం."

ఇబ్బంది ఏమిటంటే, ఈ నకిలీ సరుకు క్యాన్సర్ కణాన్నే వెతుక్కుంటూ పోదు. ఎవరు తొందర తొందరగా చీలుతుంటే వాళ్ళ చేతికి ఎక్కువ చిక్కుతుంది. నోటి లోపలి పొర, పేగు పొర, రక్తం తయారయ్యే మూలుగ. అరచేతులూ అరికాళ్ళూ కూడా దెబ్బతింటాయి, ఎందుకో ఇంకా పూర్తిగా తెలియదన్నాడు. పైగా కాలేయంలో ఈ మందుని విరగ్గొట్టి బయటికి పంపే ఇంకో ఎంజైమ్ ఉంది. కొద్దిమందికి పుట్టుకతోనే అది సరిగా పనిచేయదు. వాళ్ళకి మామూలు డోసే ప్రాణం మీదికి తెస్తుంది. నా రక్తంలో అలాంటి లోపం ఏదీ కనిపించలేదని చెప్పి, "కానీ ఆ పరీక్ష అన్నిట్నీ పట్టుకోదు," అన్నాడు. ఆ వాక్యం నా వృత్తిలో రోజూ వాడతాం. ఎదుటివాళ్ళకి చెప్పేటప్పుడు ఇంత చల్లగా ఉంటుందని అప్పటిదాకా తెలియదు.

తరవాత నియమాలు. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎప్పుడూ భోజనం చేసిన అరగంటలోపే, ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. ఇంట్లో వేరేవాళ్ళు వట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. అరచేతులో అరికాళ్ళో నొప్పెట్టి పనులకి అడ్డమొస్తున్నా, నోరు పూసి తినలేకపోతున్నా, విరేచనాలు మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువైనా మాత్రలు ఆపి ఫోన్ చేయాలి.

"మమ్మల్ని అడిగి ఆపక్కర్లేదు. ముందు ఆపండి, తరవాత ఫోన్ చేయండి," అన్నాడు. "కొన్నాళ్ళు విరామం ఇస్తాం. అవసరమైతే డోసు తగ్గిస్తాం."

నా భార్య ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకుంది. నేను 'డోసు తగ్గిస్తాం' ఒక్కటి తలలో రాసుకున్నాను, ఎర్ర సిరాతో.

ఇంట్లో మాత్రల వ్యవహారం మా అత్తగారి చేతిలోకి పోయింది. నా ఆపరేషన్ అప్పుడు సాయానికని తణుకు నుంచి, ఇక్కడ తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చారు. నియమాలన్నీ కూతురి చేత రెండుసార్లు చదివించుకుని, అందులో ఒకదాన్ని మాత్రం వేదవాక్కుగా తీసుకున్నారు: భోజనం చేసిన అరగంటలోపు. భోజనం అంటే ఆవిడ దృష్టిలో అన్నం. టోస్టూ సీరియలూ భోజనం కింద రావు. దాంతో పొద్దున్న ఏడు గంటలకి కెనడాలో పప్పన్నం, బీరకాయ కూర, మజ్జిగ తినే ఒకే ఒక క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని నేనయ్యాను. కంచం తీసిన వెంటనే గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకుని, మాత్రలు చిన్న గిన్నెలో పోసి నా ముందు పెట్టేవారు.

"మందేదో కానీ బాబూ, ఉత్త వేడి," అన్నారు మొదటి వారంలోనే.

"వేడి కాదండీ అత్తయ్య గారూ. అది కణాలకి దొంగ సరుకు అందించి..."

"అందిస్తే అందించింది. వేడి చేస్తోందా లేదా? మీ నోరు చూడండి ఎలా పూసిందో. సబ్జా గింజలు నానబెట్టాను, తాగండి."

ఫార్మసిస్టు గీసిన బొమ్మల కన్నా ఆవిడ సిద్ధాంతం పొట్టిది. పైగా అందులో తాగడానికి ఏదో ఒకటి ఉండేది.

రెండు రౌండ్లు పెద్ద గొడవ లేకుండా గడిచాయి. క్లినిక్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఒక టాబ్లెట్ తెర మీద ప్రశ్నలు నింపాలి: నొప్పి ఎంత, నీరసం ఎంత, వికారం ఎంత, సున్నా నుంచి పది దాకా. నేను అన్నిటికీ రెండు పెట్టేవాణ్ణి. సున్నా పెడితే అబద్ధంలా ఉంటుంది. మూడు పెడితే ప్రశ్నలు అడుగుతారు. వాటర్లూలో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్‌లో ఇంగ్లీషులో ఎలా ఉన్నావని అడిగితే తెలుగులో "పర్లేదమ్మా" అనేవాణ్ణి. మా వైపు మనిషిని స్ట్రెచర్ మీద తీసుకుపోతూ అడిగినా ఆ మాటే వస్తుంది.

మూడో రౌండులో అరచేతులు ఎర్రబడ్డాయి. మొదట తిమ్మిరి, తరవాత మంట, తరవాత చర్మం బిగుసుకుని మెరవడం. స్టీరింగ్ పట్టుకుంటే వేడి పెనం పట్టుకున్నట్టుండేది. ఆవకాయ సీసా మూత తీయలేక, ఆకలి లేదని లేచాను. ఫోన్ నా బొటనవేలిని గుర్తుపట్టడం మానేసింది. గీతలు అరిగిపోయి వేలిముద్ర చెరిగిపోతోందన్నమాట. ఈ మందుకి అదొక అలవాటని ఫార్మసిస్టు ఇచ్చిన కాగితంలో ఉంది. పాస్‌వర్డ్ కొట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ మా ప్లాంట్ సంగతి ఒకటి చెప్పాలి. లైను పొడుగునా తల మీద పసుప్పచ్చ తాడు వేలాడుతూ ఉంటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా లాగవచ్చు, నిన్న చేరినవాళ్ళయినా సరే. లాగితే లైను ఆగిపోతుంది. ఎందుకు లాగావని గదమాయించడానికి వీల్లేదు. ముందు ఆపాలి, తరవాత అడగాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ తాడు గురించి చెప్పే పాఠం నాది. బాగా చెప్తానని పేరు. ఒకసారి ఆదివారం ఖాళీగా ఉండి అత్తగారికి కూడా చెప్పాను. పప్పు గుత్తితో మెదుపుతూ మొత్తం విన్నారు. "మంచి ఏర్పాటే," అన్నారు.

ఆ పాఠం చెప్పిన నోటితోనే నేను మూడో రౌండు ఆఖరి ఆరు రోజులూ మంటని మింగి ఊరుకున్నాను.

నాలుగో రౌండుకి ముందు చెకప్ వారం ఉందనగా ఆషాఢం వచ్చింది. ఆకు ఇక్కడ దొరకదు. చెకప్‌కి రెండు రోజుల ముందు అత్తగారు ఇండియన్ స్టోర్ నుంచి గోరింటాకు పొడి తెప్పించి, టీ డికాషన్‌లో నానబెట్టి, నిమ్మకాయ పిండి సిద్ధం చేశారు. కూతురికి అరచేతిలో చందమామ, వేళ్ళకి టోపీలు పెట్టి, మిగిలిన గిన్నె పట్టుకుని నా వైపు తిరిగారు.

"మీరూ పెట్టుకోండి బాబూ. ఒంట్లో వేడంతా లాగేస్తుంది. ఆ చేతులేవిటి, కుంకం రాసుకున్నట్టు?"

"మగాళ్ళు పెట్టుకుంటారా అత్తయ్య గారూ?"

"పెళ్ళిలో పెట్టించుకున్నారుగా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

నేను వద్దనడానికి నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. ఎరుపు మీద ఎరుపు వేస్తే కింది ఎరుపు ఎవరికి కనిపిస్తుంది?

ఆ ఆలోచన వచ్చినందుకు ఒక నిమిషం పాటు నన్ను నేను మెచ్చుకున్నానని ఒప్పుకోవాలి. తెలివైన ఆలోచనే. పగులు మీద పెయింటు వేసి లైను దాటించడం కూడా తెలివైన ఆలోచనే. అలా చేసిన ఇద్దరిని నా సర్వీసులో ఇంటికి పంపించాను.

"కానివ్వండి," అన్నాను. "అరికాళ్ళకి కూడా."

ఆవిడ సంబరంగా గోడకి సున్నం కొట్టినట్టు కొట్టారు. నిమ్మరసం చర్మం చీలికల్లోకి దిగింది. నా కళ్ళ ముందు టీవీలో వార్తలు చదువుతున్నామె ముఖం రెండుగా కనిపించింది.

"మండుతోందా?"

"పర్లేదండీ."

నా భార్య తన చందమామల్ని ఆరబెట్టుకుంటూ నా వైపు చూసింది. ఏమీ అనలేదు. తను ఏమీ అనకపోవడంలో రకాలుంటాయి. అది ఏ రకమో అప్పుడు పోల్చుకోలేదు.

చెకప్ రోజు పొద్దున్న రంగు అద్భుతంగా పండింది. నర్సు, నవ్వు ముఖం ఉన్న పెద్దావిడ, నా చేతులు టేబుల్ మీద పెట్టమని, చూసి కళ్ళు పెద్దవి చేసింది.

"ఎంత బాగుందో! ఇంట్లో పెళ్ళా?"

"మా వాళ్ళ పండగ లాంటిది," అన్నాను. ఆషాఢాన్ని పండగ చేసిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను.

ఆవిడ నా అరచేయి తిప్పి చూసింది. బొటనవేలితో మెల్లగా నొక్కింది. నా వెన్నులోంచి ఒక తీగ లాగినట్టయింది. నేను ఆవిడ వెనక గోడ మీద ఉన్న సరస్సు ఫోటోలో పడవలు లెక్కపెట్టాను. నాలుగు.

"నొప్పి ఉందా?"

"కొంచెం. పర్లేదు."

"చొక్కా బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా? ఎర్రదనం ఉంటే ఈ రంగులో నాకు తెలియదు, మీరే చెప్పాలి."

ఆవిడ తప్పేమీ లేదు. అడగవలసింది అడిగింది. చెప్పవలసినవాణ్ణి నేను. ఆ పొద్దున్న నా చొక్కా బొత్తాలు నేను పెట్టుకోలేదు. టీ షర్టు వేసుకొచ్చాను.

"బాగానే పెట్టుకుంటున్నాను," అన్నాను.

ఆవిడ రాసుకుంది. రక్తపరీక్ష కూడా ఫర్వాలేదనిపించుకుంది. నాలుగో రౌండు పూర్తి డోసు. బయటికొచ్చి కారెక్కుతుంటే గెలిచినట్టే అనిపించింది. సీటు బెల్టు మాత్రం నా భార్య పెట్టింది.

ఏడో రోజు పొద్దున్న మంచం దిగి కాలు కింద పెట్టాను. పెట్టినంత వేగంగా తీసేశాను. అరికాళ్ళలో గోరింటాకు కింద బుడగలు లేచాయి. మడమ పక్కన ఒకటి పగిలింది. అప్పటికి రెండు రోజులుగా పేగు పొర కూడా తిరుగుబాటు చేస్తోంది. ముందు రోజు ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి వెళ్ళానో లెక్కపెట్టడం ఏడు దగ్గర మానేశాను. నోట్లో నీళ్ళు పోసుకున్నా మంట. నా భార్య ఆరున్నరకే ల్యాబ్‌లో తన షిఫ్టుకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది?" అంటే, దుప్పటి గడ్డం దాకా లాక్కుని "పర్లేదు, నువ్వెళ్ళు," అన్నాను.

బాత్‌రూమ్ దాకా మోకాళ్ళ మీద వెళ్ళాను. కార్పెట్ వేయించినప్పుడు శుభ్రం చేయడం కష్టమని నేను వద్దన్నాను. ఆ పొద్దున్న క్షమాపణ చెప్పుకున్నాను. తిరిగి వస్తూ తల తిరిగి, హాల్లో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. గుండె వేగంగా, పైపైన కొట్టుకుంటోంది. అయినా నా తలలో నడుస్తున్న లెక్క ఒక్కటే. ఇంకా ఎనిమిది రోజులు. పదహారు సార్లు మింగితే నాలుగో రౌండు అయిపోతుంది. సగం అయిపోయినట్టు.

వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. మడమల మీద నడిచి, గోడలు పట్టుకుని, ఏడుంపావుకి బల్ల దగ్గరికి చేరాను. అత్తగారు నా నడక చూశారు. తరవాత నేలకేసి చూశారు. నేను నడిచినంత మేరా తడి మచ్చలు, ఒక్కొక్కటి ఒక నాణెమంత.

"కాళ్ళు చూపించండి," అన్నారు.

"ఏం లేదండీ, చిన్న..."

"బాబూ, కాళ్ళు చూపించండి."

మా ఇళ్ళల్లో అల్లుడి కాళ్ళు అత్తగారు పట్టుకు చూడటం పెళ్ళినాడు కాళ్ళు కడిగినప్పుడే, మళ్ళీ ఉండదు. ఆవిడ కింద కూర్చుని నా పాదం ఎత్తి చూశారు. చాలాసేపు చూశారు. ఆ పాదానికి గోరింటాకు పెట్టింది ఆవిడే. ఆవిడ ముఖంలో ఏదో తేలి, కుదురుకుంది.

"ఇది నేను పెట్టిన రోజే ఉందా?"

"ఇంత లేదు."

"ఎంత ఉంది?"

నేను పాదం వెనక్కి లాక్కున్నాను.

"నాలుగు రోజులు ఓపిక పడితే అయిపోతుందండీ," అన్నాను. నాలుగు కాదు, ఎనిమిది. ఆవిడ దగ్గర కూడా తగ్గించి చెప్పాను. "అన్నం పెట్టండి. మాత్ర టైమైపోతోంది."

ఆవిడ లేచారు. కుక్కర్ దగ్గరికి వెళ్ళారు. మూత తీస్తారనుకున్నాను. కుక్కర్ రెండు చేతుల్తో ఎత్తి, దాంతో సహా వెనక వరండాలోకి వెళ్ళి, అక్కడి బల్ల మీద పెట్టి, తలుపు వేసి వచ్చారు. పప్పు గిన్నె దాని వెనకే పోయింది. బ్రెడ్డు ప్యాకెట్, అరటిపళ్ళు, బిస్కెట్ల డబ్బా కూడా ఒక్కొక్కటే వరండాలోకి పోయాయి. ఆఖర్న కుర్చీ లాక్కుని వరండా తలుపుకి అడ్డంగా కూర్చున్నారు.

"అన్నం లేదు," అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నన్ను పస్తు ఉంచడం మాట అటుంచి, రెండోసారి వడ్డించకుండా లేవనిచ్చింది లేదు.

"అత్తయ్య గారూ, మాత్ర వేసుకోవాలండీ."

"అన్నం తిన్న అరగంటలోపేగా? తినకుండా వేసుకోకూడదన్నాడుగా ఆ అబ్బాయి? మరి అన్నం లేదు."

"ఆపేస్తే డోసు తగ్గించేస్తారు. తగ్గిస్తే అది మళ్ళీ..." ఆ మాట అప్పటిదాకా పైకి అనలేదు. "మళ్ళీ వస్తుంది."

ఆవిడ కొంగు వేళ్ళకి చుట్టుకున్నారు.

"వస్తుందో రాదో నాకేం తెలుసు బాబూ, నేను చదువుకున్నదాన్నా," అన్నారు. "నాకు తెలిసింది మీరు చెప్పిందే. మీ ఫ్యాక్టరీలో తాడు లాగితే ఎందుకు లాగావని ఎవరూ అడగకూడదన్నారు. నేను లాగాను. ఇంక ఫోన్ చేసుకోండి."

ఫోన్ తీశాను. అది నా బొటనవేలిని ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టాను. నేను ఎవరో తనకి తెలియదంది. పాస్‌వర్డ్ కొట్టడానికి వేళ్ళు వంగలేదు. నంబర్లు నేను చెప్తుంటే అత్తగారు చూపుడువేలితో ఒక్కొక్కటే నొక్కారు, నాకు పెట్టాక తనూ పెట్టుకున్న గోరింటాకు టోపీ ఉన్న వేలు. ముందు నా భార్యకి చేశాం. "వస్తున్నాను, ముందు వాళ్ళకి చేయండి," అని పెట్టేసింది. తరవాత ఫ్రిజ్ మీద అంటించిన క్లినిక్ నంబరుకి.

ఎత్తిన నర్సు గొంతు నాకు తెలియదు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని అడిగింది. రెండు అనబోయాను. అత్తగారు నా ముఖంలోకే చూస్తున్నారు. ఆవిడకి ఇంగ్లీషు అంకెలు వచ్చు.

"ఎనిమిది," అన్నాను.

"విరేచనాలు?"

"ఏడు దాకా లెక్కపెట్టాను."

"జ్వరం?"

అత్తగారు నా నుదుటి మీద చెయ్యి వేసి తల అడ్డంగా ఊపారు. థర్మామీటర్ కూడా తరవాత ఆవిడతోనే ఏకీభవించింది. అవతల కొద్దిసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. మాత్రలు ముట్టుకోవద్దు, డ్రైవ్ చేయొద్దు, వెంటనే హాస్పిటల్‌కి రండి అంది. 'వెంటనే' అనేటప్పుడు ఆ గొంతులో మర్యాద కొంచెం తగ్గింది. అప్పుడే నాకు నిజంగా భయమేసింది.

నా భార్య వచ్చేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఆ ఇరవై అయిదు నిమిషాలూ అత్తగారు కుర్చీ కదపలేదు. చెంచాతో ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు మాత్రం పట్టారు. అది భోజనం కిందికి రాదని ముందే చెప్పారు.

కారులో నా భార్య రెండు సిగ్నళ్ళు దాటించింది.

"అమ్మ బలవంతం మీద పెట్టించుకున్నారనుకున్నాను," అంది మూడోదాని దగ్గర. "అరికాళ్ళకి కూడా అన్నప్పుడు అనుమానం వచ్చింది. అడిగితే పర్లేదంటారని అడగలేదు. అడగాల్సింది."

"నీ తప్పు కాదు."

"కాదని నాకూ తెలుసండీ," అంది తను. సిగ్నల్ పచ్చగా మారింది.

నాలుగు రోజులు డ్రిప్ ఎక్కించారు. తెల్లకణాలు బాగా పడిపోయాయి. వాటి అంకె కోసం రోజూ పొద్దున్న రక్తం తీసుకెళ్తే, మధ్యాహ్నం దాకా మేమిద్దరం తలుపు వైపు చూస్తూ వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళం. మొదటి రెండు రోజులూ అంకె ఇంకా కిందికే పోయింది. జ్వరం వస్తే కథ వేరేగా ఉంటుందని నర్సు గంట గంటకీ చూసి వెళ్ళేది. రాలేదు. మూడో రోజు అంకె ఆగింది. నాలుగో రోజు కొంచెం లేచింది.

ఆ రోజు డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చుంది. సంగతంతా నా నోటితోనే చెప్పాను. గోరింటాకు ఎందుకు పెట్టించుకున్నానో కూడా. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"గోరింటాకు పెట్టుకోవడంలో తప్పేం లేదు," అంది. "దాని వెనక దాక్కున్నారు, అదీ సంగతి. మొదటి డోసు మీ ఎత్తూ బరువూ చూసి మేం వేసిన అంచనా. అంతకన్నా పవిత్రమైనది కాదు. మీ ఒంటికి ఎంత సరిపోతుందో మీ ఒళ్ళే చెప్పాలి. చెప్తుంటే మీరు నోరు మూశారు."

"తగ్గిస్తే పనిచేయదనుకున్నాను."

"తగ్గించడం కూడా చికిత్సలో భాగమే. ఈ మందు వాడేవాళ్ళలో చాలామందికి ఎక్కడో ఒక చోట ఆపుతాం, తగ్గిస్తాం. పోయిన మాత్రలు మళ్ళీ లెక్క కట్టి వేయం కూడా. ఆరో రోజు మాత్రలతో మీకు వచ్చిన లాభం ఏమిటో నాకు తెలియదు. ఏడో రోజు కూడా వేసుకుని ఉంటే ఏం జరిగేదో మాత్రం చెప్పగలను. చెప్పనా?"

వద్దన్నాను.

"మళ్ళీ రాదని మాట ఇవ్వగలరా?" అని అడిగాను.

"లేను," అంది. "పూర్తి డోసు వేసినా ఇవ్వలేను."

ఈ జవాబు నేను నాలుగు నెలలుగా తప్పించుకు తిరుగుతున్నది. విన్నాక ఆశ్చర్యంగా, గదిలో వస్తువులన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

మూడు వారాలు మాత్రలు లేవు. అరచేతుల చర్మం పొరలు పొరలుగా ఊడింది, దాంతో పాటే గోరింటాకూ పోయింది. కింద కొత్త చర్మం, లేత గులాబీ రంగులో, గీతలు లేకుండా. డోసు తగ్గించి మళ్ళీ మొదలుపెట్టారు. చేతులు ఎప్పుడు ఎలా మారినా ఫోన్ చేస్తానని నర్సు నా చేత పైకి చెప్పించింది. తెర మీద ప్రశ్నలకి ఈసారి నాలుగు పెట్టాను, ఒకదానికి అయిదు. ప్రశ్నలు అడిగారు. జవాబులు చెప్పాను.

ఇంట్లో మాత్రం కొత్త నియమం ఒకటి వచ్చింది. దాన్ని ఫార్మసిస్టు రాయలేదు. పొద్దున్న ఏడింటికీ సాయంత్రం ఏడింటికీ నేను బల్ల ముందు కూర్చుంటే, కంచం ఉంటుంది, అందులో ఏమీ ఉండదు. నా ప్లాంట్ బ్యాగులోని టార్చి ఇప్పుడు అత్తగారి దగ్గరుంది. అరచేతులు బల్ల మీద వెల్లకిలా పెట్టాలి. ఒక్కొక్క వేలి మీదా వెలుగు వేసి, కళ్ళద్దాలు పైకి తోసి, దగ్గరగా వంగి చూస్తారు. ఇరవై రెండేళ్ళలో నేను ఏ బ్రేకు భాగాన్నీ అంత శ్రద్ధగా చూడలేదు. తరవాత పాదాలు.

నిన్న ఎడమ చేతి చూపుడువేలి కింద ఒక చోట ఆవిడ వెలుగు ఆగింది.

"ఇదేంటి?"

"కొంచెం ఎరుపు," అన్నాను. "నొప్పి లేదు. తిమ్మిరి ఉంది. నిన్నటి నుంచి. మధ్యాహ్నం క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పాను. మాత్ర వేసుకోవచ్చు, రేపు మళ్ళీ చూసుకోమన్నారు."

ఆవిడ నా ముఖం మీదికి టార్చి తిప్పారు. నేను కళ్ళు మూసుకోలేదు. కొంతసేపటికి వెలుగు ఆరింది. కుక్కర్ మూత తీసిన చప్పుడు వినిపించింది.